లేని పది తోడేళ్ళు

వన్యప్రాణి విభాగంలో కొత్తగా చేరినవాళ్ళకు కెమెరా ట్రాపుల మీద మూడు రోజుల శిక్షణ పెట్టారు. నన్ను పిలవలేదు. ఉద్యోగంలో ఉన్నప్పుడూ పిలిచేవాళ్ళు కాదు కాబట్టి ఆశ్చర్యపోలేదు. కానీ ఆ శిక్షణకు వెళ్ళొచ్చిన ఒకమ్మాయి మా ఇంటికి వచ్చి, "గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఇదివరకు ఎవరూ కెమెరాలు పెట్టలేదని చెప్పారండీ" అన్నప్పుడు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు. ఎనభయ్యో దశకం మధ్యలో ఆరేళ్ళ పాటు పత్తి చేల గట్ల మీద, మిరప తోటల పక్క బీళ్ళలో కెమెరాలు పెట్టినవాణ్ణి నేను. ఈ సంగతి మీద ఆఫీసుకు నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగూ అందుకున్నట్టు సంతకాలున్న కాగితాలు నా దగ్గర ఉన్నాయి. జవాబు మాత్రం రాలేదు.

అందుకని ఆ అమ్మాయి కోసం, ఆమె వెంట ఈ పనిలోకి వచ్చేవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నా ప్రమోషన్లు ఎవరికి పోయాయన్న సంగతి ఇందులో ఉండదు. అడిగితే విడిగా చెబుతాను, పేర్లతో సహా. ఇందులో ఉన్నది పని. మంచి పని. మళ్ళీ పుడితే మళ్ళీ అదే చేస్తాను. అధికారుల్ని మాత్రం నన్నే ఎంచుకోనివ్వాలి.

అప్పటి కెమెరా

ఇప్పుడు మీకిచ్చే కెమెరా జంతువు ఒంటి వేడిని పసిగట్టి తనంతట తానే వందల ఫోటోలు తీస్తుంది. మాది ఫిల్ము కెమెరా. ఒక్కసారి పెడితే ఒక్క ఫోటో. జంతువు నడిచాక మళ్ళీ మనిషి వెళ్ళి, రీలు తిప్పి, మళ్ళీ పెట్టాలి. రాత్రంతా ఎన్ని జంతువులు వచ్చినా మొదట వచ్చినదానికే ఆ ఫోటో.

ఆఫీసు నాకు కెమెరా ఇచ్చింది కానీ అది తనంతట తాను ఎలా మీట నొక్కుకుంటుందో చెప్పలేదు. చెప్పడానికి అక్కడ ఎవరికీ తెలియదు. సత్తెనపల్లి బస్టాండు పక్కన గడియారాలు, రేడియోలు బాగుచేసే మస్తాన్ గారే దానికి దారి చూపించారు. రెండు సన్నటి ఇత్తడి రేకులు, వాటి మధ్య నాలుగు మూలలా హవాయి చెప్పు ముక్కలు. పైన పలచటి చెక్క, దాని మీద మట్టి. జంతువు కాలు వేస్తే రేకులు తాకుతాయి, తీగలో బ్యాటరీ కరెంటు పారుతుంది, పాత కాలింగ్ బెల్లులోంచి తీసిన తీగచుట్ట ఒక ఇనప పుల్లను లాగుతుంది, పుల్ల కెమెరా మీట నొక్కుతుంది. ఇది పనిచేసిన రోజు మస్తాన్ గారు కొట్టు మూసేసి నాకు బిర్యానీ పెట్టించారు. మా ఆఫీసులో నాకు టీ పెట్టించిన సందర్భం ఒక్కటీ గుర్తులేదు.

మొదటి రీలు కడిగించి ఆయన ముందే కవరు విప్పాను. ఆకాశం, కంది చెట్ల చివర్లు, ఒక మేక కొమ్ములు, గడ్డిమోపు. అడవి జంతువన్నది ఒక్కటీ లేదు.

"సార్, మీ ఎత్తున్న నక్క ఎక్కడుందో గానీ, నాకూ చూపించండి," అన్నారు మస్తాన్ గారు.

నిజమే. కెమెరాను నా ఛాతీ ఎత్తున కట్టాను. మర్నాడు గట్టు మీద బోర్లా పడుకుని చూశాను. లోకం అక్కడినుంచి వేరే. ఆ దారిన పోయే పత్తి ఏరే ఆడవాళ్ళు నేను కళ్ళు తిరిగి పడిపోయాననుకుని నీళ్ళు తెచ్చారు. మీరూ కెమెరా పెట్టేముందు నేల మీద పడుకుని చూడండి. ప్యాంటు మాసిపోతుందని వెనకాడేవాళ్ళు ఆఫీసులో ఉండిపోవచ్చు, అక్కడ ఖాళీలు ఎప్పుడూ ఉంటాయి.

రెండో చిక్కు, కెమెరాను దాచడం. రేకు పెట్టెలో పెడితే ఎండకు తళతళమంటుంది, పది మందీ చేరతారు. చేలల్లో కట్టే దిష్టి కుండ చూశాక నాకు దారి దొరికింది. సున్నం పూసి నల్ల చుక్కలు పెట్టిన కుండ ప్రతి చేలోనూ ఉంటుంది. కర్ర విరిగి అది కింద పడితే ఎవరూ ముట్టుకోరు, ఒకరి దిష్టి మనకెందుకని పక్కనుంచి పోతారు. నేను రెండు కుండలు గట్టు మీద పడిపోయినట్టు పక్కకు దొర్లించి, ఒకదాంట్లో కెమెరా, ఒకదాంట్లో ఫ్లాషు పెట్టాను. ఆరేళ్ళలో ఒక్క కెమెరా పోలేదు. ఎండ ఎక్కేలోగా తీసేయకపోతే కుండలో ఫిల్ము మాత్రం ఉడికిపోతుంది. అలా మూడు రీళ్ళు పోగొట్టాను. దాని మీద నాకు మెమో వచ్చింది. మెమో మాత్రం వెంటనే వచ్చింది.

గురవమ్మ

చిలకలూరిపేటకు పడమరగా, బస్సు దిగి చాలాసేపు నడిస్తే వచ్చే ఒక ఊరు. పేరు రాయను. ఆ ఊరికి, చుట్టుపక్కల ఇంకో రెండు ఊళ్ళకు మధ్య పెద్ద బీడు ఉండేది. పత్తి పీకేసి మిరప కోతలు సాగుతున్న రోజులు. మూడు ఊళ్ళలోనూ గొర్రెపిల్లల్ని ఏదో ఎత్తుకుపోతోందని ఫిర్యాదులు వచ్చాయి. అదేమిటో, ఎన్ని ఉన్నాయో తేల్చమని నన్ను పంపారు. ఫిర్యాదు ఎక్కడినుంచి వస్తే అక్కడ, అంటే మూడు చోట్ల, కుండలు దొర్లించాను. ఒక చోటికి ఇంకో చోటికి నాలుగు మైళ్ళ దూరం.

పది రోజులైనా కుక్కలు, కుందేళ్ళు తప్ప ఏమీ పడలేదు. పెద్ద కాళ్ళ జాడలు గట్టు మీద స్పష్టంగా ఉన్నాయి. సరిగ్గా నా చెక్క దగ్గరకు వచ్చి, దాన్ని చుట్టి పక్కకు పోయాయి.

అక్కడే గొర్రెల మంద కట్టుకుని ఉన్న గురవమ్మ ఇదంతా చూస్తోంది. యాభై ఏళ్ళ మనిషి. భర్త పోయాక నూట యాభై జీవాల మందను తనే నడుపుతోంది. కోతలైన చేలల్లో రాత్రిళ్ళు మందను పడుకోబెడితే చేనుకు ఎరువు. ఒక చేలో మూడు నాలుగు రోజులు, తర్వాత ఇంకో చేను, ఇంకో ఊరు. వేసవంతా అలా తిరుగుతూనే ఉంటారు.

"సారూ, ఆ చెక్కని ఏంతో కడుగుతున్నారు?" అంది.

"కడగడం లేదమ్మా. మట్టి చల్లుతున్నాను."

"మీ చేతులు?"

"సబ్బుతో."

"అదే మరి. మీ సబ్బు వాసన ఇక్కడున్న నాకే కొడతాంది. దానికి కొట్టదా?"

మంద తొక్కిన మట్టి, పెంటికలు దోసిట్లో తెచ్చి చెక్క మీద రుద్దింది. నా చేతులకీ రుద్దింది. వెనక్కి నిలబడి నన్ను ఎగాదిగా చూసి, "ఇప్పుడు మనిషిలా ఉన్నారు," అంది.

మూడో రోజు తోడేలు పడింది. చిలకలూరిపేట స్టూడియోలో ఆ ఫోటో నా చేతికివ్వగానే దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్ళి చూశాను. పత్తి కట్టె మోడుల మధ్య, తల కొంచెం వంచి, ముందు కాలు నా చెక్క మీద మోపి ఉంది.

పదకొండు

నెల తిరిగేసరికి మూడు చోట్లా కలిపి పదకొండు తోడేలు ఫోటోలు వచ్చాయి. ఒకదాంట్లో నల్లగా ఉంది, ఇంకోదాంట్లో తెల్లగా ఉంది. ఒకదాంట్లో బక్కగా, ఇంకోదాంట్లో బొద్దుగా.

నా పై అధికారి శేషగిరిరావు గారు ఫోటోలు బల్ల మీద పరిచారు. ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంది. కూర్చోమనలేదు.

"ఎన్ని?" అన్నారు.

"ఇంకా చెప్పలేమండీ."

"చెప్పలేనివాడివి నెల రోజులు అక్కడేం చేశావయ్యా? పైవాళ్ళకి అంకె కావాలి."

ఇక్కడ నిజం రాయాలి. చాలా ఏళ్ళు నేను ఈ తప్పు ఆయన మీదే వేస్తూ వచ్చాను. ఆయన తొందరపెట్టారు, అంతే. అంకె నా నోట్లో పెట్టలేదు. మూడు చోట్లు దూరంగా ఉన్నాయి కాబట్టి మూడు గుంపులు అనుకున్నాను. రంగులు వేరుగా ఉన్నాయి కాబట్టి వేరు వేరు జంతువులు అనుకున్నాను. స్టూడియోవాడు ఒక్కో ఫోటో ఒక్కోలా కడిగాడేమో, ఒకనాడు మంచుకు ఒళ్ళు తడిసిందేమో అని ఆలోచించలేదు. వెళ్ళినచోటల్లా "నువ్వేం చేశావు" అన్న మాటే విని విని, పెద్ద అంకె చెప్పాలనీ ఉంది నాకు.

"పదకొండండీ," అన్నాను.

ఆయన మొదటిసారి నన్ను తలెత్తి చూశారు. అదే వారం రిపోర్టు పైకి వెళ్ళింది. ఆ మర్నాడు ఆయన జీపులో ఆ ఊరి మీదుగా పోతూ సర్పంచి కోటయ్య గారితో, "మీ బీట్లో పదకొండు తోడేళ్ళున్నాయయ్యా, జాగ్రత్త," అని చెప్పి పోయారు. చెప్పింది మంచికే. కానీ పత్తి పండించే ఊళ్ళో ప్రతి ఇంటి చూరు కిందా పురుగుమందు డబ్బా ఉంటుందని ఆయనకు తట్టలేదు. నాకూ తట్టలేదు.

నేను ఊరికి వెళ్ళేసరికి నిర్ణయం అయిపోయింది. పాము కరిచి చచ్చిన గొర్రె ఒకటి దొరికింది. దాన్ని కోసి, మందు పట్టించి, మర్నాడు పొద్దున్నే బీట్లో నాలుగు చోట్ల వేస్తారు. తోడేలును చంపడం చట్టప్రకారం నేరమని చెప్పాను. "పదకొండు తోడేళ్ళకి చట్టం చదివి వినిపించు ముందు," అన్నారు ఎవరో.

చెవి

ఏం చేయాలో తోచక గురవమ్మ మంద దగ్గర కూలబడ్డాను. పదకొండు ఫోటోలూ ఆమె చేతికిచ్చాను. చూడాలని అడిగింది కాబట్టి ఇచ్చానంతే. ఆమె నుంచి ఏదో తెలుస్తుందని కాదు. అది నా రెండో తప్పు.

ఆమె పేకముక్కల్లా తిప్పింది. మళ్ళీ తిప్పింది.

"ఏంది సారూ, ఒక్కదానికే ఇన్ని ఫోటోలు తీశారు? పెళ్ళికూతురా ఏంది?"

"ఒక్కటి కాదమ్మా. పదకొండు."

"ఎవరు చెప్పారు?"

"నేనే చెప్పాను."

"చెవి చూశారా?"

చూడలేదు. ఎడమ చెవి అంచున రెండు గాట్లు. దగ్గర దగ్గరగా, కింది గాటు లోతుగా. ఒక ఫోటో, రెండో ఫోటో, మూడోది. నల్లగా ఉన్నదానికీ అవే గాట్లు, తెల్లగా ఉన్నదానికీ అవే.

"మా జీవాలకి కుడి చెవికి ఒక గాటు కోస్తాం. మా మరిది వాళ్ళవి రెండు చెవులకీ కోస్తారు. రెండు మందలు కలిసిపోతే ఏం జూసి విడదీస్తాం? మొహాలు జూసా?" అంది. "చదువుకున్నోళ్ళు మొహం జూస్తారేమో. మేం చెవి జూస్తాం."

"నాలుగు మైళ్ళ దూరంలో మూడు చోట్ల పడింది కదమ్మా?"

"ఏ రోజు ఎక్కడ పడిందో చెప్పండి."

నోటుపుస్తకం తీసి చదివాను. ఆమె వేళ్ళు మడుస్తూ వింది. "అప్పుడు మా మంద ఆ చేలోనే ఉంది. అది సుబ్బయ్య చేను. తర్వాత ఆ మిరప తోట పక్కది. తర్వాత ఇది. మేం యాడికి పోతే మా ఎనకాలే వచ్చింది సారూ. మీరు దాని ఎనకాల వచ్చారు."

ఆ మాట నాకు ఈరోజుకీ చెవిలో ఉంది. కెమెరాలు ఫిర్యాదు వచ్చిన చోట పెట్టాను. ఫిర్యాదులు మంద ఉన్న చోటినుంచి వచ్చాయి. మందను నేను లెక్కలోకే తీసుకోలేదు. మూడు ఊళ్ళ గుంపులనుకున్నది, ఒక మంద వెంట తిరుగుతున్న ఒక్క ఆడ తోడేలు.

పదకొండులో ఏడింట్లో ఎడమ చెవి కనబడింది. మిగతా నాలుగింట్లో తల అటువైపు ఉంది. ఆ నాలుగూ కూడా అదేనని మంద తిరిగిన రోజుల్ని బట్టి నా తీర్పు. సాక్ష్యం ఏదో తీర్పు ఏదో విడిగా రాయడం అప్పుడే నేర్చుకున్నాను.

ఆమె చివరి రెండు ఫోటోలు పైకి తీసింది. "పొదుగు జూడండి. పాలిస్తాంది. బీట్లో గుట్ట కింద ఎక్కడో పిల్లలున్నయ్ దీనికి."

"నీ గొర్రెపిల్లల్ని తిన్నది కదా?"

"మూడు. దాని మీద నాకేం ప్రేమ లేదు. కానీ బీట్లో మందు పెడితే ముందు చచ్చేది మా కుక్కలు. ఐదున్నయ్ నాకు. అవి పోతే ఈ ఒక్కటి కాదు, ఊళ్ళో ప్రతి కుక్కా నా మంద మీద పడుద్ది."

సొసైటీ అరుగు మీద

మర్నాడు పొద్దున సొసైటీ ఆఫీసు అరుగు ముందు ఇరవై మంది దాకా చేరారు. గోనెపట్టా మీద చచ్చిన గొర్రె, పక్కన మందు డబ్బా. కోటయ్య గారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. ఆయనవి నలభై ఎకరాలు. గట్టి మనిషి, నోరూ గట్టిదే.

ఫోటోలు ఇచ్చి, చెవులు చూపించాను. ఆయన చూశారు, పక్కవాళ్ళకిచ్చారు.

"ఏమయ్యా ప్రభుదాసూ, మీ ఆఫీసరు పదకొండన్నాడు, నువ్వు ఒకటంటున్నావు. మిగతా పదీ నువ్వు పెంచుకుంటున్నావా ఏంది?"

అందరూ నవ్వారు. ఆ నవ్విన ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి. కానీ ఆ డబ్బా నా కాళ్ళ దగ్గరే ఉంది.

"ఆ పదకొండు మా ఆఫీసరుది కాదండీ, నాది. నేనే తప్పు చెప్పాను. ఫోటోలు లెక్కపెట్టాను, జంతువుల్ని లెక్కపెట్టలేదు."

కోటయ్య గారు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. "గవర్నమెంటోడు తప్పయిందనడం నా జన్మలో ఇదే వినడం," అన్నారు.

"ఒకటైతే మాత్రం వదిలేస్తామా?" అన్నాడు వెనకనుంచి ఒకతను. "ఒరేయ్, ఒకటైతే నువ్వొక్కడివే పోరా, కర్ర తీసుకుని," అన్నాడు పక్కవాడు. ఈసారి నవ్వు వాళ్ళ మీదికి తిరిగింది.

అప్పుడు గురవమ్మ ముందుకు వచ్చింది. "మందను బీడు కాడినుంచి తీసేస్తాను. ఈ మూడు ఊళ్ళూ దాటి, బాగా దూరం తూరుపు చేలకి తోలుకుపోతా. పిల్లలున్నది కాబట్టి అది గుట్ట వదిలి అంత దూరం రాదు. పిల్లలు నడిచేదాకా ఇటు రాను."

కోటయ్య గారి ముఖం మారింది. బీడు పక్క చేను ఆయనదే. మంద కట్టే వరుసలో తర్వాతి వంతూ ఆయనదే. "మరి నా చేను సంగతేంది?"

"నీ చేలో ఆఖర్న కడతాలే అయ్యా. అందరికన్నా రెండ్రోజులు ఎక్కువ ఉంచుతా."

"మాట?"

"గొర్రెలోళ్ళం. మాట తప్పితే వచ్చే ఏడు ఏ చేలోకి రానిస్తారు మమ్మల్ని?"

ఆయన లేచారు. డబ్బా మూత బిగించి చంకలో పెట్టుకున్నారు. "గొర్రెని లోతుగా పూడ్చండ్రా. కుక్కలు తవ్వకుండా," అని ఇంటికి వెళ్ళిపోయారు. దాన్ని పూడ్చేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

గురవమ్మ ఆ పూటే మందను తోలుకుపోయింది. తర్వాత మూడు వారాలకు, గుట్ట కింద కాలిబాట మీద పెట్టిన కెమెరాలో ఒక ఫోటో పడింది. తెల్లవారుతున్న వెలుతురు. తల్లి, గాట్ల చెవితో, పక్కకు చూస్తోంది. దాని కాళ్ళ దగ్గర ఒక పిల్ల. ఇంకో పిల్ల సరిగ్గా నా చెక్క మీద చతికిలబడి, కెమెరా కేసి చూస్తోంది. ఆ రోజుకు ఉన్నది ఆ ఒక్క ఫోటోయే. ఇన్నేళ్ళ ఉద్యోగం నాకేమిచ్చిందని మా ఇంట్లో వాళ్ళు అడిగితే అది చూపిస్తాను. అది చాలు నాకు.

ఆఫీసు గోడకు తగిలించిన ఆ ఫోటో కింద శేషగిరిరావు గారి పేరు వేశారు. నెగటివ్ నా దగ్గరుంది.

దిద్దని కాగితం

ఊరినుంచి రాగానే ఆయన దగ్గరకు వెళ్ళి, పదకొండు తప్పు, ఒకటి అని దిద్దమన్నాను. ఎలా తెలిసిందో, ఎవరు చెప్పారో కూడా రాసిచ్చాను.

"రిపోర్టు పైకెళ్ళిపోయింది ప్రభుదాసూ. దాన్ని కిందికి దించితే దాంతో పాటు నేనూ దిగాలి. గొర్రెలు కాసుకునే ఆవిడ చెప్పిందని గవర్నమెంటు లెక్క మారుస్తామా?"

ఆయన చెడ్డవాడు కాదు. అడిగినన్ని ఫిల్ములు ఇచ్చేవాడు, మెమోలు ఇచ్చినా జీతం ఆపేవాడు కాదు. కానీ తప్పు దిద్దుకోవడం అంటే చిన్నతనం అనుకునేవాడు. ఈ పనిలో అంతకంటే పెద్ద జబ్బు లేదు. పొరపాటు లెక్క రాసినవాడు పనికొస్తాడు. దిద్దనివాడు పనికిరాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి అధికారికీ అదే కాగితం ఇచ్చాను. ఒకాయన దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు, నా కళ్ళముందే.

మా ఇంటికి వచ్చిన అమ్మాయి శిక్షణలో చూపిన పట్టికను ఫోనులో తీసుకొచ్చింది. ఆ బీడు పేరు, దాని పక్కన: ఎనభైలలో తోడేళ్ళు పదకొండు, ఇప్పుడు రెండు. తొమ్మిది తగ్గాయట. ఎలా లెక్కపెట్టారో మాత్రం ఎక్కడా లేదు. నా కెమెరా వాళ్ళకు గుర్తులేదు, నా తప్పు మాత్రం భద్రంగా ఉంది.

బీళ్ళు తగ్గిన మాట నిజం, కళ్ళారా చూశాను. తోడేళ్ళకు కష్టం వచ్చిన మాటా నిజమే కావచ్చు. కానీ ఆ తొమ్మిది ఎక్కడికీ పోలేదు, ఎందుకంటే అవి ఎప్పుడూ లేవు. ఒకటి నుంచి రెండయ్యాయని గంతులూ వేయకండి. నేను చూసింది ఒక మంద వెంట నడిచిన ఒక్కదాన్ని. ఆ మైదానం మొత్తంలో అప్పుడెన్ని ఉన్నాయో నాకు తెలియదు, ఎవరికీ తెలియదు. తెలియదని రాయడం కూడా లెక్కే.

కాబట్టి ఇప్పుడు శేషగిరిరావు గారి కుర్చీలో ఉన్నవారిని అడుగుతున్నాను. ఆ గడిలో పదకొండు కొట్టేసి, "పెద్దవి కనీసం ఒకటి, మొత్తం తెలియదు" అని రాయండి. కింద, ఈ తోడేలును చెవి గాట్లతో గుర్తుపట్టింది గొర్రెల కాపరి గురవమ్మ అని రాయండి. తప్పు లెక్క చెప్పింది ప్రభుదాసు అని కూడా రాయండి, నాకేం అభ్యంతరం లేదు. పరిశీలిస్తాం అనే మాట నాకు వద్దు. ఎవరు దిద్దుతారు, ఏ రోజు దిద్దుతారు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పండి.